ఉస్తాద్ హాగోప్ మార్కుల పట్టిక

వంటింట్లో మా ఆవిడ గాజు సీసాలను వెనిగర్‌తో కడిగినప్పుడల్లా నేను చేస్తున్న పని వదిలి గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడతాను. "ఏం కావాల?" అంటుంది. నాకేమీ అక్కర్లేదు. ఆ పుల్లని ఘాటు ఒక్కసారి ముక్కుకు తగిలితే చాలు. ఎర్ర బల్బు వెలుగుతున్న చిన్న గది, మూడు తొట్లు, తాడుకు క్లిప్పులతో వేలాడే తడి ఫోటోలు, వాటి కింద నుంచి తల వంచుకుని నడిచే పొడుగాటి మనిషి, అన్నీ వరసగా వచ్చేస్తాయి. కాగితం మీద బొమ్మ సరిగ్గా తేలిన క్షణాన, అది ఇంకా నల్లబడకుండా ముంచే రెండో తొట్టి నీళ్లకు అదే వాసన. ఆ మనిషి పేరు హాగోప్. తొంభైల్లో ఖతర్ దేశపు దోహాలో, అల్ దోహా అల్ జదీదా అనే పేటలోని ఆయన స్టూడియోలో నేను ఆరేళ్లు పనిచేశాను. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు. నాకు ఫోటోలు కడగడం నేర్పాడు. అది ఇప్పుడు ఎవరికీ అక్కరలేని విద్య. ఇంకొకటి కూడా నేర్పాడు. అది నేర్చుకోవడానికి నేనొక మనిషికి అన్యాయం చేయవలసి వచ్చింది.

ఉస్తాద్ ఆర్మీనియన్. కానీ ఆర్మీనియా ఎన్నడూ చూడలేదు. ఆయన తాతల కాలంలో ఒట్టోమన్ తుర్కుల ఏలుబడిలో వాళ్ల జాతిని ఊళ్లకు ఊళ్లు చంపి, మిగిలినవాళ్లను ఎడారిలోకి తోలారట. బతికి బయటపడ్డ నాయనమ్మ బేరూత్ చేరింది. అక్కడ పుట్టిన ఉస్తాద్, లెబనాన్‌లో యుద్ధం మొదలయ్యాక ఒక కెమెరా, రెండు చొక్కాలతో దోహా వచ్చి పడ్డాడు. ఆయన అక్క అరాక్సీ కాలిఫోర్నియా వెళ్లిపోయింది. మా ఇద్దరి మధ్య మాటలు సగం ఇంగ్లీషు, పావు అరబిక్, పావు హిందీ. అన్నీ విరిగినవే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గనక ఆయన నాకంటే చక్కగా మాట్లాడినట్టు కనిపిస్తాడు. నిజానికి చేతులతోనే ఎక్కువ మాట్లాడేవాడు.

నేను చేరిన ఏడాదే ఒక మధ్యాహ్నం పోస్టాఫీసు నుంచి పెద్ద పసుపు కవరు పట్టుకుని వచ్చాడు. షట్టరు సగం దించి, కౌంటరు మీది ఫ్రేములన్నీ పక్కకు నెట్టి, అందులోంచి మడతపెట్టిన కాగితాలు తీసి పరిచాడు. పేర్లు, గళ్లు, ఒక్కొక్క పేరుకు చివర ఒక అక్షరం. ఏ, బీ, సీ, డీ, ఎఫ్. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, వేలితో వరస పట్టుకుని చదువుతున్నాడు. ఉన్నట్టుండి బల్ల మీద గుద్దాడు.

"చూశావా రమణా! ఈ ముసలాడికి పోయినసారి డీ. ఇప్పుడు బీ!"

"ఎవరు ఉస్తాద్, మీ చుట్టాల పిల్లాడా?"

"పిల్లాడేమిటి? డెబ్బై ఏళ్లవాడు. అమెరికా శాసనసభలో ఉంటాడు."

నాకు అర్థం కావడానికి రెండు గ్లాసుల టీ పట్టింది. అక్కడ స్థిరపడ్డ ఆర్మీనియన్ల సంఘాలు చట్టసభల్లోని ఒక్కొక్కరికీ మార్కులు వేస్తాయట. ఆ పాత ఘోరాన్ని గుర్తించాలన్న తీర్మానం మీద సంతకం పెట్టాడా? ఆర్మీనియాకు సాయం విషయంలో ఓటెటు వేశాడు? అధ్యక్షుడికి రాసిన ఉత్తరంలో పేరు కలిపాడా? ఒక్కొక్క ప్రశ్నకూ ఒక్కొక్క గడి. ఎన్నికలకు ముందు ఆ కాగితం ఇంటింటికీ వెళ్తుంది. అరాక్సీ తన ఊళ్లో చర్చి హాల్లో కూచుని ఆ శాసనసభ్యుల ఆఫీసులకు ఫోన్లు చేసి అడిగే ఆడవాళ్లలో ఒకతె.

"మీకు అక్కడ ఓటు ఉందా ఉస్తాద్?"

"ఓటు మాఫీ. వీసా కూడా మాఫీ." గల్ఫ్ అరబిక్‌లో మాఫీ అంటే లేదని. " అయినా ఒకడికి ఎఫ్ వచ్చిందంటే ఆ రోజు నాకు అన్నం దిగదు." ఆ సాయంత్రం బీ వచ్చిన ముసలాయన పేరున వీధిలోని మలబారు టైలరుకూ, పక్క కొట్టు పాకిస్తానీ మంగలికీ బక్లావా మిఠాయి పంచాడు. ఎందుకో వాళ్లకు తెలియదు. తిన్నారు.

అప్పుడే ఆయన తన తప్పు ఒకటి చెప్పాడు. ఒకసారి అక్క వాళ్ల చర్చి విందుకు ఒక శాసనసభ్యుడు వచ్చి, బతికి బయటపడ్డ ముసలమ్మల చేతులు పట్టుకుని వలవల ఏడ్చాడట. ఆ ఏడాది కాగితంలో ఆయనకు సీ వచ్చింది. ఉస్తాద్‌కు కోపం వచ్చి అక్కకు ఘాటుగా ఉత్తరం రాశాడు. మన కోసం ఏడ్చినవాడికి సీ వేస్తారా అని. అరాక్సీ ఒకే వాక్యం జవాబు రాసింది: "తమ్ముడూ, కాగితంలో ఏడుపుకు గడి లేదు."

"అయితే ఆయన చెడ్డవాడా?" అన్నాను.

"నాకేం తెలుసు! ఈ కాగితం మనిషికి మార్కులు వేయదు హబీబీ. చేసిన పనికి వేస్తుంది. అదీ ఈ ఒక్క సంగతిలో." నా వైపు తిరిగాడు. "మీవాళ్లు ఇక్కడ ఇంతమంది ఉన్నారు కదా. మీ శాసనసభ్యులకు ఎంత వస్తుంది?"

అలా మొదలైంది మా పట్టిక.

మా స్టూడియోకు రాని తెలుగువాడు లేడు. వీసాకు, ఐడీ కార్డుకు, ఇంటికి పంపడానికి, అందరికీ ఫోటో కావాలి. శుక్రవారం మధ్యాహ్నం ఒక డజను మంది చేరేవాళ్లు. ఊరికే గుంపు కూడితే బాగుండదని ఉస్తాద్ వాళ్లందరినీ పూలతోట తెర ముందు మూడు వరసల్లో కూచోబెట్టేవాడు. ఎవరైనా తొంగిచూస్తే గ్రూప్ ఫోటో తీస్తున్నట్టు ఉంటుంది. మనవాళ్లు తల దువ్వుకుని, ముందు వరసవాళ్లు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కెమెరా వైపు చూస్తూనే తమ ఎమ్మెల్యేలను తిట్టేవాళ్లు.

తిట్టడానికి కారణం ఉంది. ఆ రోజుల్లో మా ఊళ్లలో తెల్ల రేషన్ కార్డులు ఏరివేస్తున్నారు. మగవాడు 'దుబాయ్‌లో' ఉన్నాడని చెవిన పడితే చాలు, ధనికుల ఇల్లని కార్డు తీసేసేవాళ్లు. ఖతర్ అని చెప్పినా వాళ్ల లెక్కలో దుబాయే. దోహాలోనే ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా ఉన్న ఓబులేసు కార్డు అలాగే పోయింది. ఓబులేసుది మా కడప జిల్లానే, మా నియోజకవర్గమే. వాళ్లమ్మాయి సుజాత ఐదు చదువుతోంది. జూన్‌లో ప్రభుత్వ హాస్టల్లో చేర్చాలి. ఊళ్లో ఐదు తర్వాత బడి లేదు. తెల్ల కార్డు లేనిదే హాస్టల్లో సీటు లేదు. సీటు లేకపోతే పిల్ల మేకల వెంట పోతుంది. ఓబులేసు ఈ సంగతి ప్రతి శుక్రవారం చెప్పేవాడు, కొత్తగా చెబుతున్నట్టు.

అందరి తరఫునా నేను ఉత్తరాలు రాశాను. ఎవరి ఎమ్మెల్యేకు వాళ్లది, ఎవరి ఎంపీకి వాళ్లది. కూలి చేసుకునేవాళ్ల కార్డులు తీయించొద్దని. ఉస్తాద్ నాలుగు గళ్లు గీశాడు: జవాబు రాశాడా, అధికారికి రాశాడా, సభలో అడిగాడా, పని అయిందా. అక్షరాలు మనవాళ్లకు నచ్చలేదు. గడికి ఇరవై అయిదు చొప్పున నూటికి మార్కులు కావాలన్నారు. ముప్పైఅయిదు వస్తే పాసు.

"మావోనికి సున్న ఏయుండ్రి," అన్నాడు నర్సయ్య. దోహా బయట మెసయీద్‌లో కంపెనీ క్యాంపులో ఉండే తాపీమేస్త్రీ, కరీంనగర్ వైపువాడు. "గెలిచినంక ఊర్లకు మొఖం సూపియ్యలే."

"సరే, సున్నా."

"ఆగుండ్రి, ఆగుండ్రి. మా జిల్లా పరువు పోతది. ముప్పైఅయిదు ఏసి పాస్ జేయుండ్రి."

"మా ఎమ్మెల్యే బంగారమబ్బా," అన్నాడు ఓబులేసు. "పోయినేడు మా ఊరికొచ్చి పిల్లోల్లకంతా చాక్లెట్లు పంచినాడు."

"చాక్లెట్లకు మార్కులేందే? నీ బిడ్డకు సీటిప్పియ్యమను!"

అంత నవ్వులో ఉస్తాద్ ఫ్లాష్ వెలిగించేవాడు. ఆ ఫోటోల్లో ఎవరి కళ్లూ కెమెరా వైపు ఉండవు. అన్నీ పాడైన ఫోటోలే. అంత బాగా వచ్చిన ఫోటోలు ఆయన మళ్లీ తీయలేదు.

బీఎస్సీ చదివినవాణ్ణి గనక మార్కులు వేసే పని నాకు అప్పగించారు. పరీక్షలు దిద్దే మాస్టారిలా ఎర్ర పెన్ను కొనుక్కున్నాను. ఉత్తరాలకు జవాబులు వచ్చినవి కొద్దే. మా ఎమ్మెల్యే దగ్గర నుంచి ఒక కొత్త సంవత్సరం గ్రీటింగ్ కార్డు వచ్చింది. రంగుల్లో ఆయన చేతులు జోడించి ఉన్నాడు, లోపల ఒక్క అక్షరం చేతితో రాసింది లేదు. మా ఎంపీ ఇంకో పార్టీవాడు, మాటకు ముక్కుసూటి మనిషని పేరు. ఆయన నుంచి ఒక పోస్టుకార్డు వచ్చింది. కోడి గీతల్లాంటి రాత: "కార్డు నంబరు, ఊరు రాయకుండా నీతులు రాస్తే నేనేం చేయగలను? వివరాలు పంపితే కలెక్టరుకు రాస్తాను."

ఇక్కడ నా సంగతి చెప్పాలి. మా బావమరిది టీచరు. బదిలీ కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ బదిలీ మా ఎమ్మెల్యే చేతిలో ఉంది. మా పట్టిక జిరాక్సులు సెలవు మీద వెళ్లేవాళ్లతో ఊళ్లకు పోతాయని, ఎవరో ఒకరు ఆయనకు చూపిస్తారని నాకు తెలుసు. ఎర్ర పెన్ను తీశాను. జవాబు: గ్రీటింగ్ కార్డు పంపాడు కదా, ఇరవై అయిదు. అధికారికి రాశాడా: రాసే ఉంటాడు, ఇరవై. సభలో: అడిగే ఉంటాడు, పదిహేడు. పని: మొదలుపెట్టే ఉంటాడు, పది. మొత్తం డెబ్బై రెండు, ఫస్ట్ క్లాస్. ఎంపీకి పొగరుబోతు జవాబని పది వేసి ఫెయిల్ చేశాను. పోస్టుకార్డును నెగటివ్‌ల కవర్ల కింద సొరుగులో పెట్టాను. ఓబులేసుతో ఆ కార్డు మాట ఎత్తలేదు. ఎత్తితే ఆ పది ఎందుకని అడుగుతాడు. ఆ తర్వాత కూడా అతను వచ్చినప్పుడల్లా లేచి టీ పోసి ఇచ్చేవాణ్ణి.

ఏప్రిల్ చివర్లో ఒక శుక్రవారం ఓబులేసు క్యాసెట్ పట్టుకుని వచ్చాడు. అతని భార్య లక్ష్మీదేవికి రాయడం రాదు. చెప్పవలసిందంతా టేపులో మాట్లాడి, వచ్చేవాళ్లతో పంపుతుంది. ఊళ్లో ఆమె దగ్గర కూడా మా పట్టిక ఉంది. అందరం వింటామని అతను సంబరంగా టేప్ రికార్డర్‌లో పెట్టాడు. ఉస్తాద్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఆమె ఏమంటే అది నాకు చెప్పు," అని నన్ను పక్కన కూచోబెట్టుకున్నాడు.

"సుజాత నాయనా, బాగుండావా? నేను ఎమ్మెల్యే ఇంటికాడికి పోయినా. రమణన్న రాసిన కాయితం చూపిచ్చినా. మీకు డెబ్బై రెండు వచ్చినాయంట సారూ, మా కార్డు ఇప్పియ్యండి అని అడిగినా. ఆయప్ప నవ్వినాడు. కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. టీ ఇప్పిచ్చినాడు. రేపు రా అన్నాడు. రేపు పోతే టీ ఇచ్చినారు. ఎల్లుండి పోతే ఆయప్ప ఐదరాబాదు పోయినాడన్నారు. ఆపొద్దు కూడా టీనే. పాప అడగతాంది, ఎప్పుడు పోతాం హాస్టల్‌కని. రమణన్నను అడుగు, ఇంగెవురికన్నా మంచి మార్కులు వచ్చినాయేమో."

ఒక్కొక్క వాక్యమే ఉస్తాద్‌కు చెబుతూ వచ్చాను. చివరి వాక్యం వదిలేశాను. ఆయన నా మొహం చూసి టేపు ఆపాడు.

"డెబ్బై రెండుకు వెనక ఉన్న కాగితాలు తీసుకురా."

గ్రీటింగ్ కార్డు తెచ్చి ఇచ్చాను. ఆయన దాన్ని దీపం కింద పెట్టి చూశాడు. "మంచి స్టూడియో. ముడతలు బాగా తీసేశారు. ఉత్తరమేది?"

"లేదు."

"మరి రెండో గడిలో ఈ ఇరవై?"

"రాసే ఉంటాడని వేశాను."

" రాసే ఉంటాడు అంటే ఏమిటి? ఉంటాడు అనే గడి ఎవరు గీశారు?"

ఆయన వేలు ఎంపీ వరస మీదికి జరిగింది. "ఇతనికి పది వేశావు. ఇతను జవాబు రాయలేదా?" సొరుగు లాగి పోస్టుకార్డు తీశాను. దాన్ని ఓబులేసు చేతిలో పెట్టమన్నాడు. అతనికి చదవడం వచ్చు, కానీ నెమ్మది. వేలు పెట్టి రెండు వాక్యాలూ చదివాడు. తారీఖు చదివాడు. రెండు నెలల కిందటిది.

"మా బావమరిది బదిలీ ఉంది ఓబులేసూ," అన్నాను. "వాడు ఒత్తిడి పెట్టినాడు. ఎమ్మెల్యేకు కోపం రాకూడదని..."

ఓబులేసు కార్డును రెండు వైపులా తిప్పి చూశాడు. అరవలేదు. "అన్నా," అన్నాడు, "నువ్వు కూడా నాకు టీనే ఇచ్చినావు."

నేను పట్టికను అందుకుని చించబోయాను. ఉస్తాద్ నా మణికట్టు పట్టుకున్నాడు. "ఆ పని నీకు సుఖంగా ఉంటుంది. వద్దు. ఒక్క గీత కొట్టు. కింద ఉన్నది అందరికీ కనపడాలి. పక్కన సరైన అంకె వెయ్యి, సంతకం పెట్టు." డెబ్బై రెండు మీద గీత కొట్టాను. పది మీద కొట్టాను. పక్కన సున్నా, ఇరవై అయిదు వేసి సంతకం పెట్టాను. "ఇక యల్లా, పదండి," అన్నాడు ఉస్తాద్, "జూన్‌కు ఇంకా అయిదు వారాలుంది. అవి ఏడవడానికి కాదు. కార్డు నంబరు చెప్పు ఓబులేసూ!"

ఆ తర్వాతి గంటంత హుషారైన గంట నా జీవితంలో తక్కువ. కార్డు నంబరు, ఊరు, కార్డు తీసేసిన అధికారి హోదా, పాప మార్కులు అన్నీ ఎంపీకి ఒక్క పేజీలో రాశాం. మా వైపువాళ్లు ఇంకో నలుగురు తమ నంబర్లు కూడా కలిపారు. నర్సయ్య ఆదివారం సెలవు మీద బొంబాయి మీదుగా వెళ్తున్నాడు. ఉత్తరం అతని బనీను లోపలి జేబులో పెట్టి, ఉస్తాద్ స్వయంగా పిన్నీసు పెట్టాడు. "బొంబాయిల దిగంగనే రిజిస్టర్ జేస్తా," అన్నాడు నర్సయ్య. "గీ పిన్నీసు నా పెండ్లాం సూస్తే మాత్రం నన్నడుగుతది, ఎవరు పెట్టిన్రని."

ఓబులేసు మూడు శుక్రవారాలు నా చేతి టీ తాగలేదు. తనే పోసుకునేవాడు. నేను బలవంతం చేయలేదు. నాలుగో శుక్రవారం గ్లాసు ముందుకు జరిపాడు.

జూన్ చివర్లో రెండో క్యాసెట్ వచ్చింది. సెలవు ముగించుకుని నర్సయ్య కూడా వచ్చేశాడు. ఈసారి మొదట వినిపించింది సుజాత గొంతు. "నాయనా, ఎంపీ కలెక్టరుకు రాసినాడంట, కార్డు ఇచ్చినారు. నేను హాస్టల్లో చేరినా. నాకు ట్రంకు పెట్టె కొనింది అమ్మ. ఆదివారం గుడ్డు పెడతారంట. సగం కాదు, మొత్తం గుడ్డు!" నేను చెప్పకముందే ఉస్తాద్‌కు అర్థమైంది. ఓబులేసు ఆ గుడ్డు మాట మళ్లీ వెనక్కి తిప్పి నాలుగుసార్లు వినిపించాడు. మంగలీ, టైలరూ వచ్చారు. ఈసారి బక్లావా ఓబులేసు కొన్నాడు, ఎందుకో అందరికీ తెలుసు.

"ఎంపీకి నూటికి నూరు!" అని అరిచారు మనవాళ్లు.

"లా, లా, కాదు," అన్నాడు ఉస్తాద్. "సభలో అడిగాడా? లేదు. డెబ్బై అయిదు."

"ఎమ్మెల్యే మూడు దినాలు టీ పోసిండు గద ఉస్తాద్," అన్నాడు నర్సయ్య, "అయిదన్న ఏయుండ్రి, పాపం."

"టీకి గడి లేదు!"

ఆ రోజు తెర ముందు కూచున్నవాళ్లలో ఎక్కువగా నవ్వినవాడు ఓబులేసు. రెండోవాణ్ణి నేను.

తొంభైలు ముగిసేలోపే ఉస్తాద్ స్టూడియో అప్పగించి అక్క దగ్గరికి కాలిఫోర్నియా వెళ్లాడు. చాలా ఏళ్ల తర్వాత ఒక ఉత్తరం రాశాడు. అరవై దాటాక జీవితంలో మొదటిసారి ఓటు వేశాడట. "మా నియోజకవర్గంలో ఏ గ్రేడు వచ్చినవాడు లేడు. బీ వాడికి వేశాను. వాడు గెలిచాడు. రేపటి నుంచి వాడి ఆఫీసుకు ఫోన్ చేసే పని నాది. పాపం వాడు," అని రాశాడు. అదే ఆఖరి ఉత్తరం.

ఇంతవరకూ రాసినదాంట్లో ఒక అబద్ధం ఉంది. ఆ రోజు ఓబులేసుతో మా బావమరిది ఒత్తిడి పెట్టాడని చెప్పాను. అతను పెట్టలేదు. నన్ను ఎన్నడూ అడగను కూడా లేదు. దోహాలో కూచుని ఊళ్లో బదిలీలు చేయించగల మనిషినని ఇంట్లో అనిపించుకోవాలని నేనే అనుకున్నాను. తర్వాత ఎక్కడ ఈ కథ చెప్పినా ఆ పేరు అలాగే చెబుతూ వచ్చాను. అతని వల్ల ఒక పేదపిల్ల చదువు ఆగబోయిందని మా చుట్టాలందరూ ఇరవై ఏళ్లకు పైగా నమ్మారు. అతనికీ తెలుసు, అందరూ అలా అనుకుంటున్నారని. ఒక్కసారీ ఎదురు చెప్పలేదు.

పోయిన నెల అతని రిటైర్మెంటు విందు జరిగింది. నాలుగు మాటలు చెప్పమని నా చేతికి మైకు ఇచ్చారు. పొగడవచ్చు, చప్పట్లు కొడతారు, కూచోవచ్చు. ఓబులేసు పేరు చెప్పాను. డెబ్బై రెండు గురించి చెప్పాను. "నా బావమరిది నన్ను అడగలేదు. అడిగినాడని నేను చెప్పింది అబద్ధం. మీరు అది విన్నారు, ఇది కూడా వినండి," అన్నాను. మా ఆవిడ తల దించుకుంది. దించుకున్న తలతోనే నవ్వుతోందని తర్వాత తెలిసింది.

అతను పంక్తిలోంచి లేచి వచ్చి నా చేతిలో మైకు తీసుకున్నాడు. "ఇప్పుడెందుకు బావా ఇదంతా? ఎవరికి గుర్తుంది?"

"నీకు గుర్తుంది," అన్నాను.

"ఉంది," అన్నాడు. తర్వాత నన్ను తన పక్కకు జరిపి కూచోబెట్టుకుని, ఆకులో తన చేత్తో పాయసం వడ్డించాడు.